వ్యాగన్ఆర్ ఫ్లోరు తుప్పు తిని రంధ్రం పడింది, పది వేలలో బాగవుతుందా?

రామంతాపూర్ కర్రీ పాయింట్:

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది 2009 వ్యాగన్ఆర్, పెట్రోలు బండి. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఇంటి దగ్గరే కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున పదకొండున్నరకల్లా ఉప్పల్, హబ్సిగూడ వైపు నాలుగు ఆఫీసులకు భోజనాలు ఈ బండిలోనే పోతాయి. వెనక సీటు మడిచి సాంబారు, పప్పు, పెరుగు గిన్నెలు పెట్టుకుంటాం. బండి ఒక్క రోజు ఆగితే ఆ రోజు వ్యాపారం ఆగినట్టే.

మొన్న ఆదివారం ముందు సీట్లో కూర్చున్న మా పాప చేతిలోంచి ఐదు రూపాయల బిళ్ళ జారింది. మ్యాటు కింద వెతికితే లేదు. బండి దిగి చూస్తే బిళ్ళ రోడ్డు మీద ఉంది. నాకు గుండె ఝల్లుమంది. మ్యాటు తీసి కార్పెట్ లాగితే నానిన అట్టలా చేతిలోకి ఊడొచ్చింది. కింద రేకు మడత కాజాలా పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే సగం దాకా దిగిపోయింది. ఎడమ చేతి ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టే చోట, అరచేయంత రంధ్రం. డ్రైవర్ సీటు వెనక, గిన్నెలు పెట్టే చోట రేకు జల్లెడలా ఉంది.

రెండు చోట్ల చూపించాను. ఒకరు ఫ్లోరు మొత్తం మార్చాలి, 28,000 అవుతుంది, ఐదు రోజులు బండి వదిలేయాలి అన్నారు. ఇంకొకరు పైన రేకు వేసి రివిట్లు కొట్టి, కింద తారు పూస్తాం, 3,500, రెండు గంటల పని అన్నారు. నా దగ్గర ఉన్నది 10,000. పాప స్కూలు ఫీజు జూన్‌లో కట్టాలి కాబట్టి అంతకు మించి తీయలేను. మా తమ్ముడు టైల్స్ పని చేస్తాడు, వాడి దగ్గర గ్రైండర్ ఉంది.

నేను అడిగేది మూడు సంగతులు. ఈలోపు బండి నడపొచ్చా? ఉన్న డబ్బు దేని మీద పెట్టాలి? మా చేతులతో మేం చేసుకోగలిగే పని ఏదైనా ఉందా? వానలు మొదలయ్యేలోపు ఇది తేల్చుకోవాలి. రాత్రి నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది.

హబ్సిగూడ ఆల్టో:

అక్కా, ముందు ఒక్క మాట. 2009 బండి అంటే 15 ఏళ్ల ఆర్‌సీ 2024లోనే అయిపోయి ఉంటుంది. రెన్యూవల్ చేయించారా? చేయించకపోతే దీని మీద పైసా పెట్టకముందే ఆ సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యూవల్‌కు ఒక్క ఫీజే 5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఫ్లోరులో రంధ్రాలు ఉన్న బండికి ఫిట్‌నెస్ కూడా ఇవ్వరు.

ఇంకొకటి. ఇప్పుడు మే నెల, నెల రోజులుగా చినుకు లేదు. మరి కార్పెట్ ఎందుకు నానింది?

రామంతాపూర్ కర్రీ పాయింట్:

రెన్యూవల్ పోయిన సంవత్సరమే అయింది తమ్ముడూ, 2029 దాకా ఉంది. అందుకే బండిని వదులుకోవాలని లేదు. తడి సంగతి మాత్రం నువ్వు అడిగేదాకా నాకు తట్టనే లేదు. ఇంతకాలం వానాకాలంలో కింది నుంచి నీళ్లు చిమ్మి అలా అయిందనుకుంటున్నాను.

నాచారం పాత బండి:

రివిట్ల పనికి మాత్రం ఒప్పుకోకండి అక్కా. నా ఆల్టోకు అదే చేయించాను. జీఐ రేకు (జింక్ పూత ఉన్న రేకు), చుట్టూ రివిట్లు, కింద మందంగా తారు. ఆరు నెలలు చూడ్డానికి చక్కగా ఉంది. రెండో వానాకాలం తర్వాత కార్పెట్ ఎత్తితే కొత్త రేకు బాగానే ఉంది గానీ దాన్ని పట్టుకుని ఉండాల్సిన పాత రేకు చుట్టూరా పోయింది. రివిట్ కోసం వేసిన ప్రతి బెజ్జం నుంచి తుప్పు మొదలైంది. రెండు రేకుల మధ్య నీళ్లు చేరాయి, కింద తారు ఉండటంతో అవి ఆరే దారి లేకపోయింది. మొదట బెత్తెడు ఉన్న రంధ్రం జానెడు అయింది. 3,500 లాంటి డబ్బే నేనూ పెట్టాను, ఆ తర్వాత దాన్ని పీకించడానికి కూడా కూలి ఇచ్చాను.

ఫైబర్ మ్యాట్, రెజిన్ కూడా కొందరు చెప్తారు. స్టెప్నీ గుంటలో సూది బెజ్జాల్లాంటివి ఉంటే అది సరిపోతుంది, నేను వేశాను, నిలిచింది. మనిషి కాళ్లు, సీటు బరువు పడే చోట వద్దు.

కుషాయిగూడ టింకరింగ్:

చెల్లెమ్మా, నేను 27 ఏళ్లుగా టింకరింగ్ పని చేస్తున్నాను. నీకు చెప్పిన రెండు రేట్లూ నాకు నచ్చలేదు. 28,000 పని నీ బండికి అక్కర్లేకపోవచ్చు. 3,500 పని ఏ బండికీ చేయకూడదు. మధ్యలో దారి ఉంది. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు ప్రాణం సంగతి. ఫ్లోరులో రంధ్రం ఉంటే కిందనే పోయే సైలెన్సర్ పైపు పొగ లోపలికి వస్తుంది. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇది మరీ ప్రమాదం. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు, తల నొప్పి, మత్తులాగే తెలుస్తుంది. పని అయ్యేదాకా అద్దాలు దించి నడుపు. పాపను ఎడమ ముందు సీట్లో కూర్చోబెట్టకు.

ఇప్పుడు నీళ్లు. మే నెలలో కార్పెట్ నానిందంటే అవి ఏసీ నీళ్లు. మన కార్లలో చల్లబడే కాయిల్ ఎడమ పక్క, గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. దానికి పట్టే చెమట ఒక చిన్న రబ్బరు పైపులోంచి బండి కిందికి కారాలి. దుమ్ము, ఆకు ముక్కలు చేరి ఆ పైపు మూసుకుంటే నీళ్లు వెనక్కి పొంగి కార్పెట్‌లోకి దిగుతాయి. కార్పెట్ కింద ఫెల్టు ఉంటుంది, అది స్పాంజి లాంటిది, నెలల తరబడి ఆరదు. పరీక్ష తేలిక. బండి ఆరుబయట నిలిపి, అద్దాలు దించి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఇరవై నిమిషాలు ఏసీ పెట్టు. కింద రోడ్డు మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడితే పైపు బాగున్నట్టు. పడకపోతే మూసుకున్నట్టే. లోపల గ్లవ్ బాక్స్ కింద ఎండిన న్యూస్ పేపర్ పరిచి చూడు, ఎక్కడ తడిసిందో అదే చెప్తుంది. తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం అది కూలెంట్, హీటర్ కాయిల్ లీకు. అప్పుడు మెకానిక్‌కు చూపించాలి. ఈ నీళ్లు కార్పెట్‌లోకి రావడం ఆపకుండా బంగారు రేకు వేసినా మళ్లీ పోతుంది.

వెనక పక్క జల్లెడ మాత్రం నీ సాంబారు పని. ఉప్పు, చింతపండు పులుపు రెండూ ఇనుముకు శత్రువులే. నా దగ్గరికి చేపల వ్యాపారం చేసేవాళ్ల బండ్లు వస్తాయి, ఐసు కరిగిన నీళ్లు కారి వాటి వెనక ఫ్లోర్లు ఇలాగే ఉంటాయి.

తర్వాత తుప్పు ఎంత దూరం పాకిందో చూసుకోవాలి. సీట్లు నాలుగేసి బోల్టులు, విప్పేయండి. కార్పెట్, ఫెల్టు అంతా తీసేయండి. కింద తారు షీట్లు అంటించి ఉంటాయి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ పుట్టీ బ్లేడుతో లేపితే వస్తాయి. ఈ పనికి షాపులో ఒక రోజు కూలి పడుతుంది, మీ తమ్ముడూ మీరూ కూర్చుంటే ఆ డబ్బు మిగులుతుంది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. గట్టి రేకు టణ్ మంటుంది. లోపల తిన్న రేకు డబ్ మంటుంది, ఆ శబ్దం వచ్చిన ప్రతి చోటా స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. దిగితే సుద్దముక్కతో గీత గీయండి.

నాలుగు చోట్లు మరీ జాగ్రత్తగా చూడాలి. సీటు బోల్టులు పట్టే పట్టీలు, సీటు బెల్టు బోల్టు, డోరు కింద ఉండే రన్నింగ్ బోర్డు, ఫ్లోరు కింద పొడుగ్గా పోయే చాసిస్ డొప్పలు. బండి బలం అంతా వీటిలోనే ఉంటుంది. రన్నింగ్ బోర్డుకు ఒక పరీక్ష ఉంది. డోరు వేసి చుట్టూ సందు చూసుకో. జాకీ పాయింట్ దగ్గర జాకీ పెట్టి చక్రం లేచేదాకా ఎత్తు. డోరు సందు మారినా, డోరు పట్టేసినా, జాకీ రేకులోకి దిగినా రన్నింగ్ బోర్డు పోయినట్టే. జాకీ మీద ఉన్నప్పుడు బండి కిందికి మాత్రం ఎవరూ దూరకండి. ఈ నాలుగూ బాగుంటే ఉట్టి ఫ్లోరు ప్యాచ్ వర్క్, నీ పది వేలలో అయిపోతుంది. చాసిస్ డొప్ప పోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, దాని మీద పైపైన రేకు కప్పి ఇచ్చేవాడికి బండి ఇవ్వకు.

డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నావు. వెల్డింగ్ మీద పెట్టు. సీఓటూ వెల్డింగ్ (సన్న తీగతో, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పెట్టి అతికేది) ఉన్న షాపే వెతుక్కో. కార్ల ఫ్లోరు రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆర్క్ వెల్డింగ్ దానికి కొత్త బెజ్జాలు చేస్తుంది. గ్యాస్ వెల్డింగ్ నేనే పదేళ్లు చేశాను, పని అవుతుంది గానీ వేడి జానెడు దూరం పాకి, రేకు వంకర్లు తిరుగుతుంది, చుట్టూ కంపెనీ కోటింగ్ కాలిపోతుంది. సీఓటూలో కూడా ఒకే గీతగా లాగకూడదు. ఇక్కడొక కుట్టు, అటు చివరొక కుట్టు, ఆగి, చల్లారాక మధ్యలో ఇంకొకటి. జాకెట్టుకు ముందు టాకాలు వేసి తర్వాత కుట్టినట్టు.

రేకు 20 గేజి సీఆర్ షీటు (జింక్ పూత లేని మామూలు ఉక్కు రేకు) తీసుకో, సుమారు 0.9 మిల్లీమీటర్లు. సీటు పట్టీ దగ్గర అయితే 18 గేజి. రాణిగంజ్ ఇనుప దుకాణాల్లో ముక్క కోయించుకోవచ్చు. మందం ఎక్కువ ఉంటే బలం అనుకోవద్దు, మందపాటి రేకు కరిగేలోపు పాతది కాలిపోతుంది. జీఐ తుప్పు పట్టదు కదా అంటారు. దాని మీద వెల్డింగ్ పెడితే జింక్ పొగ వస్తుంది, పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. నాకు చిన్నప్పుడు వచ్చింది. పాలు తాగితే పోతుందని మా ఉస్తాద్ తాగించేవాడు. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లో ఉంటుంది. కుర్రాళ్లెవరైనా ఇది చదువుతుంటే మాస్కు పెట్టుకోండి.

ముందు అట్ట ముక్కతో కొలత కోసుకుని, దాని ప్రకారం రేకు కోయాలి. మూలలు గుండ్రంగా తిప్పాలి. పాత రేకును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసుకుంటూ పోవాలి, గోధుమ రంగు అంచు మీద అతుకు నిలవదు. కంపెనీ ఫ్లోరుకు గాడులు ఉంటాయి చూడు, అవి అందం కోసం కాదు, బిగువు కోసం. బల్లపరుపు రేకు వేస్తే బండి నడుస్తుంటే డప్పులా మోగుతుంది. యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) మీద పెట్టి సుత్తితో రెండు గాడులు దింపమను.

వెల్డింగ్ ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఫ్లోరు కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపులు పోతుంటాయి, అవి ఎక్కడున్నాయో చూసి పక్కకు తప్పించాలి. వెనక కాళ్లు పెట్టే చోటుకూ పెట్రోలు ట్యాంకుకూ దూరం తక్కువ. ట్యాంకు దించకుండా అక్కడ వెల్డింగ్ పెడతాననేవాడి దగ్గర నిమిషం ఆగకు. పక్కన బకెట్ నీళ్లు, తడి గోనెసంచి, కింద నిప్పురవ్వలు చూసే మనిషి ఒకరు ఉండాలి.

చివరిది మళ్లీ మీ పని. అసలు ప్యాచ్ ఎన్నేళ్లు ఉంటుందో తేలేది ఇక్కడే. వెనక పక్కను మొదట మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి, ఉప్పు ఉండిపోతే పెయింటు కింద బుడగలు లేస్తాయి. ఒక రోజంతా ఎండలో డోర్లు తీసి పెట్టండి. వైర్ బ్రష్ కప్పు గ్రైండర్‌కు వేసి రుద్దండి, కళ్లద్దాలు లేకుండా వద్దు. గుంటల్లో పోని మచ్చలకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూయండి, నల్లబడుతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. ఉట్టి రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేస్తే అది తేమ పీలుస్తుంది. అతుకుల మీద పైనా కిందా సీలెంట్. కింద రబ్బరు అండర్ కోటింగ్, అది కూడా ఎండిన రేకు మీద, ప్రైమర్ తర్వాత. డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డు అడుగున నీళ్లు కారే సన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని పూసి మూసేయకండి.

ఉప్పల్ డిపో:

ఇంత ఖర్చు దేనికండీ, స్క్రాపుకు ఇచ్చేసి ఇంకో పాత బండి చూసుకుంటే పోలేదా?

కుషాయిగూడ టింకరింగ్:

పది వేలకు, స్క్రాపు డబ్బు కలిపినా, వచ్చే బండి ఫ్లోరు ఎలా ఉంటుందో నేను చెప్పగలను సార్. ఈ బండి ఇంజన్ సంగతి ఆమెకు ఏడేళ్లుగా తెలుసు.

రామంతాపూర్ కర్రీ పాయింట్:

అన్నా, మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పని అయింది.

మీరు చెప్పినట్టే పేపర్ పరిచి ఏసీ పెట్టాను. పదిహేను నిమిషాలకే పేపర్ తడిసి ముద్దయింది, బండి కింద చుక్క లేదు. మా తమ్ముడు రబ్బరు పైపు మొన దొరకబుచ్చుకుని మెత్తటి ప్లాస్టిక్ వైరు పెట్టి కదిపితే నల్లటి బురద ఉండ జారి, వెనకే గ్లాసుడు నీళ్లు ధారగా వచ్చాయి. పైసా ఖర్చు లేదు. ఇన్నేళ్లు ఆ ఉండ వల్లే నా ఫ్లోరు కుళ్లిందని తలచుకుంటే బాధేసింది.

ఆదివారం సాయంత్రం, సోమవారం మా తమ్ముడూ నేనూ కూర్చుని సీట్లు, కార్పెట్ తీశాం. వెనక ఫెల్టు ఎత్తినప్పుడు మాత్రం నేను చూడలేకపోయాను. ఫెల్టు వెనక పక్క ఆవాలు అతుక్కుని ఉన్నాయి, నల్లబడిన కరివేపాకు, ఎండు మిరపకాయ తొడిమె. గిన్నె మూత కొంచెం జారిన ప్రతి రోజు లెక్కా అక్కడ ఉంది. పైన మ్యాటు తుడిచాం కదా, శుభ్రం అయిపోయిందనుకున్నాను. ఆ వాసన పోవడానికి నాలుగుసార్లు కడిగాం.

తట్టి చూస్తే సీటు పట్టీలు, బెల్టు బోల్టులు, చాసిస్ డొప్పలు అన్నీ టణ్ మన్నాయి. జాకీ పరీక్షలో డోరు సందు మారలేదు. కానీ ఎడమ రన్నింగ్ బోర్డు ముందు మూల, ఏసీ నీళ్లు చేరే చోట, రెండు అంగుళాల మేర గుచ్చితే దిగింది. మల్లాపూర్‌లో సీఓటూ ఉన్న షాపు దొరికింది. మీరు రాసింది ఆయనకు చదివి వినిపించాను. మొదట కొంచెం చిరాకు పడ్డాడు, ట్యాంకు మాట వచ్చేసరికి మాత్రం "అది దించకుండా నేను ముట్టుకోనమ్మా" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

వెల్డింగ్, రేకు కలిపి 5,500. రన్నింగ్ బోర్డు మూలకు 1,500. ట్యాంకు దించి ఎక్కించినందుకు 800. ప్రైమర్, కన్వర్టర్, సీలెంట్‌కు 1,450. అండర్ కోటింగ్‌కు 700. మొత్తం 9,950. బండి షాపులో రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజులు, సోమవారం కూడా, ఆటో మాట్లాడుకుని భోజనాలు పంపాను, అది వేరే.

ప్రైమర్ మేమే పూశాం. బ్రష్ నా చేతికే తీసుకున్నాను. అతుకుల దగ్గర వేలితో తడుముతూ, సీలెంట్ ఎక్కడైనా సన్నగా ఉందేమోనని టార్చి పెట్టి చూస్తూ, రాత్రి పదకొండు అయింది. మర్నాడు నల్లటి ఫ్లోరు మీద రెండు గాడులు తిన్నగా కనిపిస్తుంటే మా పాప దాని మీద చెప్పు కాలితో ఎగిరి చూసింది. మోగలేదు.

నిన్న మొదటి పెద్ద వాన. రామంతాపూర్ చెరువు పక్క రోడ్డులో నీళ్లు నిలిచాయి, దాటుకుని వచ్చాను. ఇంటికొచ్చి, ఫ్లోరు మీద నాలుగు పక్కలా పరిచి ఉంచిన పేపర్లు తీసి చూస్తే నాలుగూ ఎండుగానే ఉన్నాయి.

ఒక్క సందేహం మిగిలింది అన్నా. పాత కార్పెట్ పారేశాం. కొత్తది వేయించాలా? మందపాటి మ్యాట్లు, అంచుల దాకా కుట్టి ఇచ్చేవి, షాపులో చూపించారు.

కుషాయిగూడ టింకరింగ్:

ఆ కుట్టు మ్యాట్లు ఇప్పుడే వద్దు చెల్లెమ్మా. వాటి కింద ఏం జరుగుతుందో ఎవరూ ఎత్తి చూడరు. ఈ వానాకాలమంతా ముందు సీట్ల పక్క ఉట్టి రబ్బరు మ్యాట్లు వేసుకో, వారానికోసారి ఎత్తి అతుకులు చెయ్యి పెట్టి చూడు. వెనక గిన్నెల కింద అంచులు ఉన్న పెద్ద ప్లాస్టిక్ ట్రే పెట్టు, సాంబారు ఒలికినా అందులోనే ఉంటుంది. దీపావళి అయ్యాక ఒకసారి బండి తీసుకురా, కింద పడుకుని నేనే చూస్తాను. చూసినందుకు డబ్బులేం వద్దు.